ఎర్రగీత మీద మాటలు

అసూయలో కూడా రకాలుంటాయి. నల్లకుంటలో స్టీలు సామాన్ల దుకాణంలో పెరిగినదాన్ని కాబట్టి ఏ సరుకునైనా వేలితో కొట్టి, మోగించి, మందం చూసి పక్కన పెట్టడం నాకు అలవాటు. పక్కింటివాళ్లు కొత్త కారు కొంటే కలిగేది పల్చటి రేకు. రెండు రోజుల్లో సొట్టపోతుంది. తోటి లెక్చరర్‌కు ప్రమోషన్ వస్తే కలిగేది కాస్త నయం, ఏడాది మన్నుతుంది. అడుగు మందంగా ఉండి, ఎంత మంట మీద పెట్టినా మాడకుండా, ఇన్నేళ్లుగా నా దగ్గర కొత్తదానిలా మెరుస్తున్నది మాత్రం ఒక్కటే. అది తార్నాకలో థీసిసులు టైపు చేసి బతికిన ఒక మనిషి మీద నేను పెంచుకున్న అసూయ.

పోయిన నెల తార్నాకలో మెట్రో దిగి ఆటో కోసం చూస్తుంటే, కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో ఆయన కనిపించాడు. దండ వేసిన ఫొటో, కింద శ్రద్ధాంజలి, ఆ కింద ఒక పేరు. ఆ పేరు నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు. క్యాంపస్‌లో విన్నవాళ్లు ఉంటారని కూడా అనుకోను. మాకందరికీ ఆయన టైపింగ్ అన్న. అందుకే ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే నాకే ఎవరో పరాయి మనిషి గురించి చెబుతున్నట్టుంటుంది.

ఫ్లెక్సీ చూడగానే నాకు ముందు కలిగింది దుఃఖం కాదు, తేలిక. ఇక అడిగేవాళ్లు లేరు అన్న తేలిక. దానికి సిగ్గుపడటానికి ఆటో హబ్సిగూడ దాటేదాకా పట్టింది. సంగతేమిటంటే, ఇంగ్లీషులో కొత్త మాటలు ఎలా పుడతాయన్న దాని మీద అప్పట్లో నేను చేసిన పరిశోధన ఇప్పుడు పుస్తకంగా రాబోతోంది. అందులో అందరూ మెచ్చుకునేది నాలుగో అధ్యాయం. ఆ అధ్యాయం ఆయనది. నాదని చెప్పుకుని డాక్టరేటు తీసుకున్నాను, ఉద్యోగం తెచ్చుకున్నాను. ముందుమాట రాసి పంపమని ప్రచురణకర్త తొందరపెడుతున్నాడు. అందులో ఆయన పేరు పెట్టాలా, ఇన్నాళ్లు ఊరుకున్నట్టే ఊరుకోవాలా అన్నది నేను తేల్చుకోవాలి.

ఆయన షాపు తార్నాక చౌరస్తా నుంచి క్యాంపస్ వైపు వచ్చే దారిలో, జ్యూస్ సెంటర్‌కూ మందుల షాపుకూ మధ్య ఇరుక్కుని ఉండేది. రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషన్, గోడకు మేకుకు తగిలించిన బైండింగ్ తీగల కట్ట. ఆయనకు అప్పటికి నలభై దాటి ఉంటాయి. ఎడమ చెవి మీద పెన్సిలు. నల్లకుంటలోనే టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయరు, హయ్యరు పాసయ్యాడు. ఇంటర్‌లో ఇంగ్లీషు రెండుసార్లు తప్పాడు. ఆ సంగతి ఆయనే చెప్పేవాడు, ఏదో బిరుదు చెప్పుకున్నట్టు.

టైపు చేసేటప్పుడు ఆయన కళ్లు కాగితం మీదే ఉండేవి, తెర వైపు చూసేవాడు కాదు. అయినా కంప్యూటర్‌కు తెలియని మాట పడి, దాని కింద వంకరటింకర ఎర్రగీత వచ్చిందంటే ఎలా తెలిసేదో, కుడిచేతి చూపుడువేలు గాల్లో ఆగిపోయేది. మిగతా షాపుల్లో అయితే ఆ గీతను పట్టించుకోరు. లేదా కంప్యూటర్ చెప్పిన మాట పెట్టి మన మాట తీసేస్తారు. ఈయన కుర్చీ తిప్పి, ఆ థీసిసు తెచ్చిన మనిషి ముఖంలోకి చూసి అడిగేవాడు.

"తప్పా, మాటా?"

తప్పయితే దిద్దేవాడు. మాటే అన్నారనుకోండి, చెవి మీది పెన్సిలు తీసి, చెడిపోయిన ప్రింటు కాగితాల వెనకవైపులు కలిపి దారంతో కుట్టుకున్న ఒక లావుపాటి పుస్తకంలో రాసుకునేవాడు. ఆ తర్వాతే మళ్లీ టైపు.

నేను మొదటిసారి వెళ్లిన రోజు లైబ్రరీ సైన్సు అబ్బాయి ఒకడు నాకన్నా ముందు కూర్చుని ఉన్నాడు. ఆయన వేలు ఆగింది.

"తప్పా, మాటా?"

"మాటే అన్నా. వెబినార్. నెట్ల పెట్టే సెమినార్."

"వెబ్‌ల సెమినార్. మరి సెమినార్‌ల సగం ఏమాయె?"

"కట్ చేసిండ్రన్నా."

ఆయన పెన్సిలు తీశాడు. "క్లాస్‌రూమ్ అన్నప్పుడు రెండు మాటలు నిండుగ ఉంటయి, దాన్ని నేను అతుకు అంట. గిది అతుకు కాదు. రెండింటిని కత్తిరిచ్చి కుట్టిండ్రు. కత్తెరకుట్టు. ఎగ్జామ్, ల్యాబ్, ఫోన్, గివి ఉత్త కోతలు, కుట్టు లేదు. మంచిగున్నది రా నీ మాట. ఇంకొకళ్లు తెస్తరా సూద్దాం."

నేను చేతిలో నా మొదటి అధ్యాయం పట్టుకుని నిలబడ్డాను. ఆయన ఇప్పుడు నాలుగు ముక్కల్లో చెప్పింది అందులో ముప్పై పేజీల్లో ఉంది. రెండేళ్లు లైబ్రరీలో కూర్చుని, పుస్తకాల్లో ఉన్న పొడుగాటి పేర్లన్నీ బట్టీ పట్టి రాసింది. ఈయన వాటికి తన పేర్లు తానే పెట్టుకున్నాడు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. అసూయ అక్కడే మొదలైంది. అప్పుడు దాన్ని ఆకలి అనుకున్నాను.

ఆ తర్వాత అవసరం ఉన్నా లేకపోయినా వెళ్లి కూర్చునేదాన్ని. ఎడిట్ అన్న మాట ముందు పుట్టిందా, ఎడిటర్ అన్నది ముందు పుట్టిందా అని ఓ రోజు నన్నే అడిగాడు. ఎడిటరే ముందు, దాని తోక తెంపితే ఎడిట్ వచ్చిందని పుస్తకాల్లో చదివిన సంగతి గొప్పగా చెప్పబోయాను. "ఎడిటరే ముందుంటది చెల్లె. పని చేసేటోడు వచ్చినంకనే పనికి పేరు దొరికింది," అని తానే తేల్చేసి టైపులో పడ్డాడు. మాటలంటే నాకూ ఇష్టమే. కానీ ఆయనకు నా కన్నా ముందు తెలియడం నాకు ఇష్టం లేదు.

ఇక్కడ మా గైడ్ మేడమ్ గురించి ఒక మాట చెప్పాలి. ఆమె నన్ను రెండేళ్లుగా ఒక్కటే ప్రశ్న అడుగుతూ ఉండేది. "ఎవరో పొరపాటున రాసిన మాటకూ, భాషలోకి నిజంగా వచ్చేసిన మాటకూ తేడా ఎట్లా పట్టుకుంటావు? అది చెప్పకుండా నాలుగో అధ్యాయం నా టేబుల్ మీదికి తేవద్దు." నా దగ్గర జవాబు లేదు. ఫెలోషిప్ గడువు దగ్గరపడుతోంది. జవాబు ఆ దారంతో కుట్టిన పుస్తకంలో ఉందని మాత్రం నా దుకాణం బుద్ధికి వాసన తగిలింది.

బేరంలో మొదటి పాఠం మాకు మాటలు రాకముందే నేర్పుతారు. నచ్చిన గిన్నెను చివర ముట్టుకోవాలి. ముందు నచ్చని నాలుగింటిని తిప్పి తిప్పి చూడాలి. నేను బైండింగ్ తీగలు చూశాను. క్యాలెండర్ చూశాను. జిరాక్స్ మిషన్ ఎప్పుడు కొన్నావని అడిగాను. ఆ తర్వాత, ఏదో కాలికి తగిలినట్టు, పుస్తకాన్ని చూశాను.

"ఈ చిత్తు కాగితాలేందన్నా, అమ్ముకోక దాచిపెట్టినవ్?"

"మాటలు చెల్లె."

"డిక్షనరీల ఉన్నయే కదా."

"ఉంటే నేనెందుకు రాస్త?"

"చేతిరాత గూడ సక్కగ లేదు."

"లేదు. అందుకే టైపు నేర్సుకున్న."

సరుకును ఇంకెలా తక్కువ చేయాలో తోచలేదు. "సరే, ఒక్కసారి చూసిస్త. రెండు రోజులు," అన్నాను, ఏదో ఆయనకు ఉపకారం చేస్తున్నట్టు.

"రెండు రోజులేంది, నెలుంచుకో. అర్థం కాకుంటే అడుగు."

పుస్తకం నా చేతిలో పెట్టి అటు తిరిగి టైపు చేసుకోసాగాడు. బేరమాడే మనిషిని మట్టి కరిపించాలంటే ఒక్కటే దారి, అడిగింది అడిగినట్టు ఇచ్చేయడం. ఆ పుస్తకం సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. నా బతుకులో అంత ఘోరంగా ఎన్నడూ ఓడిపోలేదు.

ఇంట్లో తెరిచి చూశాను. ప్రతి మాట ఎదురుగా దాన్ని తెచ్చిన మనిషి డిపార్ట్‌మెంటు, పక్కన ఒక సున్న. కొన్ని సున్నల్లో చుక్క ఉంది, కొన్నింట్లో లేదు. మర్నాడు పొద్దున్నే వెళ్లి చుక్క ఏమిటని అడిగాను. అడిగేటప్పుడు ఆవులించడం కూడా మరిచిపోలేదు.

"తప్పు ఒక్కని దగ్గర్నే ఉంటది చెల్లె. మాటయితే రెండు మూలలకెల్లి వస్తది. కామర్స్ పిలగాడు, జువాలజీ పిల్ల, ఒకళ్ల మొకం ఒకళ్లు సూసి ఎరుగరు. ఇద్దరు ఒక్కటే మాట పట్టుకొని నా దగ్గరికొచ్చిండ్రంటే అది తనంతట తాను నడుసుకుంట వచ్చినట్టు. అప్పుడు చుక్క పెడ్త."

"పెట్టినంక?"

"పెట్టినంక పిల్లల్ని గంటదా అని సూస్త. బ్లాగ్ అని వచ్చె. ఎర్రగీతనే. తరువాత బ్లాగర్ వచ్చె, దాని ఎనక బ్లాగింగ్ వచ్చె. పిల్లలయినంక ఇగ యాడికి పోతది? కొత్త కంప్యూటర్ కొన్నప్పుడు సూసిన, దాని కింద గీత లేదు."

మేడమ్ రెండేళ్లుగా అడుగుతున్న ప్రశ్నకు జవాబు అది. క్యాంపస్‌లోని అన్ని డిపార్ట్‌మెంట్ల రాతలూ ఒకే చోటికి వచ్చి పడే కుర్చీ ఊరు మొత్తంలో అదొక్కటే. అందులో ఇలాంటి మనిషి కూర్చోవడం నా అదృష్టం అని సంతోషించాలి. నాకు మాత్రం అది అన్యాయం అనిపించింది. నాకు లైబ్రరీ కార్డుంది, ఫెలోషిప్పుంది, గైడుంది. ఈయనకు పెన్సిలుంది. ఆ రోజు ఇంట్లో అన్నం ముందు కూర్చుంటే అమ్మ, "ఏమైందే, ఎవరన్న ఏమన్న అన్నరా?" అని అడిగింది. ఎవరూ ఏమీ అనలేదు. అదే నా బాధ. కనీసం ఆయనకు గర్వమన్నా ఉంటే, దాన్ని పట్టుకుని తిట్టుకునేదాన్ని.

అప్పుడొక పని చేశాను. చెప్పుకోవడానికి ఇప్పటికీ ముఖం చెల్లదు. ఆయన పరీక్ష తప్పని తేల్చాలనుకున్నాను. నేనే ఒక ఇంగ్లీషు మాట తయారుచేశాను. క్యూమేట్. ఫీజు కిటికీ ముందు గంటలకొద్దీ మనతో పాటు వరుసలో నిలబడి, కిటికీ తెరిచేలోపు స్నేహితుడైపోయే మనిషి. హాస్టల్లో నాకు తెలిసిన ఇద్దరమ్మాయిలున్నారు, ఒకరు సోషియాలజీ, ఒకరు ఎడ్యుకేషన్. ఇద్దరికీ చెరొక కప్పు ఐస్‌క్రీము పెట్టించి, ఆ మాటను వాళ్ల థీసిసుల్లో ఒక్కో చోట ఇరికించమన్నాను. ఏ రోజు ఎవరు వెళ్లాలో కూడా నేనే చెప్పాను.

కావలసింది రాసుకుని పుస్తకం అప్పటికే తిరిగిచ్చేశాను. మొదటి అమ్మాయి వెళ్లినరోజు ఆయన అందులో సున్న పెట్టాడు. వారం తర్వాత రెండో అమ్మాయి వెళ్లినప్పుడు నేను అక్కడే కూర్చుని, ఎవరిదో పాత మ్యాగజీను తిరగేస్తున్నాను. వేలు ఆగింది. "తప్పా, మాటా?" మాటే అంది ఆ పిల్ల, తడుముకోకుండా. ఆయన పుస్తకం తెరిచాడు. పెన్సిలు సున్న దగ్గరికి వెళ్లింది. ఆగింది. పుస్తకం మూసేశాడు.

ఆ పిల్ల వెళ్లేదాకా ఓపికపట్టాను. "రెండు మూలలకెల్లి వచ్చింది కదన్నా. చుక్క పెట్టలేదేంది?"

"నడిసొచ్చిన మాటకు కాళ్లకు దుమ్ముంటది చెల్లె. గిది ఆటోల వచ్చి దిగినట్టున్నది."

"అంటే?"

"రెండో మనిషి దగ్గరికొచ్చేసరికి ఏ మాటయినా కొద్దిగ వంకర పోతది. ఒకళ్లు మంచికి వాడితె ఇంకొకళ్లు ఎక్కిరింపుకు వాడ్తరు. ఒకళ్లు సగమే అర్థం చేసుకుంటరు. గీ ఇద్దరు ఒక్కతీరుగ రాసిండ్రు, ఇస్త్రీ చేసినట్టు. ఎవలో చేతికిచ్చి పంపిండ్రు."

నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. మ్యాగజీనులో ఒకే పేజీ ఎంతసేపు చదివానో నాకే తెలియదు. కాసేపటికి ఆయనే అన్నాడు, "కని మాట మాత్రం మంచిగున్నది. చేసినోళ్లకు చెయ్యి తిరిగింది. ఊకె దాస్కోకుంటే అయిపాయె."

నన్ను తిట్టినా అంత మండేది కాదు. అయితే మండుతూనే ఇంటికెళ్లి, కాగితం పెన్ను తీసి, కాళ్ల దుమ్ము సంగతి నాలుగో అధ్యాయంలో ఇంకో భాగంగా రాసుకున్నాను. ఆయనను పడగొట్టడానికి తవ్విన గోతిలోంచి కూడా నాకే లాభం వచ్చింది. మా నాయన ఉంటే మెచ్చుకునేవాడు. ఆ మాట తలుచుకుంటే ఇంకా సిగ్గేసింది.

క్యాంపస్‌లో ఒక ఆచారం ఉండేది, ఇప్పుడూ ఉందేమో. థీసిసు ముందర కృతజ్ఞతల పేజీ ఎవరూ సొంతంగా రాయరు. టైపింగ్ అన్న కంప్యూటర్‌లో పోయిన ఏడాది ఎవరిదో ఫైలు ఉంటుంది. దాన్ని తెరిచి గైడు పేరు, హెడ్డు పేరు, తల్లిదండ్రుల పేర్లు మారుస్తారు. దేవుడికి ఎలాగూ మార్పు అక్కర్లేదు. ఒకసారి బాటనీ అబ్బాయి ఒకడు, పెళ్లికానివాడు, తొందరలో అన్నీ మార్చి ఒక్క వాక్యం మరిచిపోయాడు. అంతకుముందు ఏడాది ఫిజిక్సు ఆయన భార్య పేరు అలాగే ఉండిపోయి, ఆమె ఓర్పుకూ, ప్రేమకూ ఈ అబ్బాయి జీవితాంతం రుణపడి ఉంటానని చెప్పుకున్నాడు. అయిదు కాపీలూ బైండింగయ్యాక బయటపడింది. "ఎవర్రా ఈమె, మాకెందుకు చెప్పలే?" అని స్నేహితులు ఆటపట్టిస్తుంటే వాడు ఏడుపు ముఖంతో షాపుకు పరుగెత్తుకొచ్చాడు. అన్న ఆ రోజు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు.

ఆ పేజీలో చివరి వాక్యం మాత్రం ఏ ఏడాదీ మారేది కాదు. చక్కగా, సకాలంలో టైపు చేసి ఇచ్చినందుకు షాపుకు ధన్యవాదాలు.

నా వంతు వచ్చింది. ఆరు అధ్యాయాలూ అయిపోయాయి. నాలుగోది టైపు చేస్తున్నప్పుడు నేను అక్కడ ఉండలేదు. అనుకోకుండా కాదు. కృతజ్ఞతల పేజీకి మాత్రం వెళ్లక తప్పలేదు.

"రాసుకొచ్చినవా చెల్లె, పాతదే పెట్టాల్నా?"

ఆ నిమిషంలో నా సంచిలో తెల్లకాగితం ఉంది, పెన్నుంది. నేను పెరిగిన దుకాణంలో పెళ్లికి బిందె కొన్నా, పుట్టినరోజుకు గ్లాసు కొన్నా, ఇచ్చినవాళ్ల పేరు దాని మీద చెక్కించుకోకుండా ఎవరూ మెట్టు దిగరు. ఆ చెక్కే మిషన్ పదేళ్ల వయసు నుంచి నేనే పట్టాను.

"పాతదే పెట్టన్నా," అన్నాను.

ఆయన ఫైలు తెరిచాడు. మేడమ్ పేరు పెట్టాడు. మా నాయన పేరు, అమ్మ పేరు అడిగి పెట్టాడు. లైబ్రరీవాళ్లను ఉంచాడు. చివరి వాక్యం దగ్గరికి వచ్చాడు. అక్కడ ఎర్రగీత ఏమీ లేదు. అయినా చూపుడువేలు గాల్లో ఆగింది.

"గిది గిట్లనే ఉంచాల్నా?"

"ఉంచన్నా. మంచిగనే ఉన్నది కదా."

"ఆఁ, మంచిగనే ఉన్నది," అన్నాడు. ప్రింటు కొట్టాడు.

వైవా రోజున ఆయన వచ్చాడు. నేను పిలవలేదు. ఒక కాపీలో పేజీ ముద్ర సరిగా పడలేదని, కొత్తది వేసి తీసుకొచ్చాడు. అప్పటికే హాల్లో అందరూ కూర్చున్నారు. తలుపు దగ్గర చివరి కుర్చీలో కూర్చుండిపోయాడు. బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన పరీక్షకుడు పెద్దాయన. మొదటి మూడు అధ్యాయాల మీద ఏమీ అడగలేదు. నాలుగోది తెరిచి, కళ్లజోడు తీసి, "అమ్మాయ్, ఈ పద్ధతి చాలా కొత్తగా ఉంది. ఇది నీకెలా తట్టింది?" అన్నాడు.

మా మేడమ్ ముఖం వెలిగిపోతోంది. నేను వెనక్కి చూడలేదు.

"పరిశీలన వల్ల సార్," అన్నాను.

ఎవరి పరిశీలన అని ఆయన అడగలేదు. చప్పట్లు కొట్టారు. సమోసాలూ, చాయ్ వచ్చాయి. అన్న పేపరు ప్లేటులో ఒక సమోసా పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ఇప్పుడంటాడు, అందరి ముందూ అంటాడు అనుకుని నేను గోడకు ఆనుకున్నాను.

"రెండు మూలలు అన్నదానికి ఇంగ్లీషుల ఏం పేరు పెట్టినవ్ చెల్లె? టైపు చేసేటప్పుడు సరిగ సూడలే."

చెప్పాను. పొడుగాటి పేరు.

ఆయన రెండుసార్లు మెల్లగా పలికి చూసుకున్నాడు. "బరువున్నది," అన్నాడు. సమోసా తిన్నాడు, చేతులు తుడుచుకున్నాడు, వెళ్లిపోయాడు.

దొంగిలించిన సరుకు గురించి దాని యజమాని కోపగించుకోకపోతే దొంగకు ఆ సరుకు మీద హక్కు రాదు. నాకు అంత చదువులోనూ తెలియని సంగతి అది. ఆయన దగ్గర ఇంకా ఎన్నో ఉన్నాయి కాబట్టి పోయినదాన్ని లెక్కచేయలేదని నా మనసుకు తోచింది. అదే నన్ను ఇన్నేళ్లు కాల్చింది. అంత ఉండటం. దాచుకోనక్కర లేనంత ఉండటం. ఆ తర్వాత ఒక్క కాగితం ప్రింటు తీయాల్సి వచ్చినా హబ్సిగూడ వెళ్లేదాన్ని. తార్నాకలో ఆ వైపు ఫుట్‌పాత్ మీద నడవడం మానేశాను. కొత్త మాట ఏది విన్నా, సెల్ఫీ అని మొదటిసారి విన్నప్పుడు కూడా, ఇది ఆయన పుస్తకంలో ఎప్పుడో ఎక్కి ఉంటుందన్న అక్కసే ముందు పుట్టేది. కరోనా వచ్చినప్పుడు క్లాసులన్నీ ఫోన్లలోకి వెళ్లి, మా ప్రిన్సిపాల్ నోట రోజుకు నాలుగుసార్లు వెబినార్ అన్న మాట వింటూ ఉంటే, నేను కెమెరా ఆపేసి కూర్చునేదాన్ని.

ఫ్లెక్సీ చూసి ఇంటికి వచ్చాక ముందుమాట రాయడానికి కూర్చున్నాను. నాతో నేనే బేరం మొదలుపెట్టాను. మొదటి ప్రతిలో, తార్నాకకు చెందిన ఒక టైపిస్టుతో జరిపిన సంభాషణలు ఉపయోగపడ్డాయని రాశాను. చాలా తక్కువ పలికినట్టు అనిపించింది. రెండో ప్రతిలో ఆయన సూచనలతో అన్నాను. మూడోదానిలో ఆయన సహకారంతో అన్నాను. ఒక్కో మాట పెంచుతుంటే నా అధ్యాయం నా చేతిలోంచి ఒక్కో అంగుళం జారిపోతోంది. నాలుగో ప్రతి రాసి, ఇక చదువుకోకుండా మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఇంటివాళ్లను అడగకుండా పేరు వేయకూడదని సాకు చెప్పుకుని తార్నాక వెళ్లాను. నిజానికి వాళ్లలో ఎవరైనా వద్దంటే బాగుండునని నా ఆశ.

షాపు ఉన్నచోట ఇప్పుడు మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. జ్యూస్ సెంటర్ ఆయన దారి చెప్పాడు. వెనక గల్లీలో మొదటి అంతస్తు, రెండు గదులు. ఆయన భార్య కుట్టుమిషన్ ముందు కూర్చుని ఎవరిదో చీరకు ఫాల్ కుడుతోంది. మంచినీళ్లిచ్చి కుర్చీ చూపించింది.

"అన్న దగ్గర థీసిసు టైపు చేయించుకున్ననమ్మా," అన్నాను.

"చాలమంది వచ్చిపోతున్నరు మేడం. మీదేం సబ్జెక్టు?"

"ఇంగ్లీషు."

మిషన్ చక్రం మీద చేయి పెట్టి ఆపింది. "ఇంగ్లీషా? ఇంగ్లీషోళ్లు ఒక్కరు గూడ మాటల కోసం రాలేదని అనేటోడు మేడం. అన్ని డిపార్ట్‌మెంట్లోళ్లు వచ్చి కూసుంటరు, మాట్లాడతరు, గా ఇంగ్లీషోళ్లే రారు అని. జువాలజీ పిల్ల గురించైతే రోజు చెప్పేటోడు. కొట్లాడేటిదంట ఆయనతోని, ఈ మాట బతుకది అన్నా, కొట్టెయ్ అని. నవ్వుకుంట చెప్పేటోడు."

ఎవరా జువాలజీ పిల్ల? ఏం కొట్లాడింది? ఏ మాట కొట్టేయించింది? అన్నాళ్లు ఆయన షాపులో నేను కూర్చున్నాను. నేను కూర్చున్నది ఆయన లెక్కలోకే రాలేదు. మాటల కోసం వచ్చినదాన్ని కాదని ఆయనకు మొదటి రోజే తెలిసిపోయినట్టుంది.

సంచిలోంచి కాగితం తీశాను. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఆమెకు తెలుగులో చదివి వినిపించాను. నాలుగో అధ్యాయంలో ఉన్న పద్ధతి నాది కాదని, తార్నాకలో థీసిసులు టైపు చేసిన ఫలానా వారిదని, దాన్ని ఆయనను అడగకుండా తీసుకున్నానని, డిగ్రీ ఇచ్చినరోజు కూడా చెప్పలేదని. ఆయన పేరు చదివినప్పుడు ఆమె పెదవులు మెల్లగా కదిలాయి. చదవడం అయ్యాక కాగితం మడిచి ఒళ్లో పెట్టుకున్నాను.

"పేరు వేయొచ్చా అమ్మా?"

"ఆయన పేరే కదా మేడం. వేయున్రి." కాసేపు చీర అంచు సరిచేసుకుంది. "మొత్తం ఎన్ని ఉంటయి, గవి, అధ్యాయాలు?"

"ఆరు."

"నాలుగోది ఆయనది."

"అవునమ్మా."

"మరి మిగతా అయిదు?"

"నావే," అన్నాను. ఆ అయిదింటి గురించి ఇంతవరకు నన్నెవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. ఆమే మొదటి మనిషి.